నోట్లో కండ పెరిగితే... తీసిన ముక్కను పారేయకండి

(ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలతో జరిగిన సమావేశంలో ఒక నోటి వ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమమ్మా. పొద్దున్నే ఇంటి పని ముగించుకొని, బస్సులు పట్టుకొని, ఈ ఎండలో ఇంత దూరం వచ్చారు. అందుకని రేపు మీరు ఇళ్లకు తిరిగేటప్పుడు పనికొచ్చే మాటలే చెబుతాను.

నేను పళ్ల డాక్టర్నే గానీ, పళ్లు పీకే కుర్చీ దగ్గర కంటే మైక్రోస్కోపు దగ్గరే ఎక్కువ కాలం పనిచేశాను. నోట్లోంచి కోసి తీసిన ముక్క ల్యాబ్‌కి వస్తుంది. దాన్ని పల్చటి పొరలుగా కోసి, రంగు పట్టించి, అదేమిటో చూసి రిపోర్టు రాసి పంపడం మా పని. అలా వచ్చే ముక్కల్లో చాలావాటికి నేను రాసేది ఒకటే మాట. ఇది క్యాన్సర్ కాదు, ఏదో ఒరుసుకొనో, గార పేరుకొనో కండ పెరిగింది, అంతే. ఎన్నేళ్లయినా ఆ మాట రాసిన ప్రతిసారీ నా మనసు తేలికపడుతుంది. ఎందుకంటే ఆ కాగితం కోసం ఒక కుటుంబం పది రోజులుగా నిద్రపోకుండా ఎదురుచూస్తుంటుందని నాకు తెలుసు.

ఇవాళ నేను మాట్లాడేది ఆ కండ గురించే. మీ ఊళ్లలో కండ పెరిగిందంటారు, గడ్డ అంటారు, కంతి అంటారు, కొందరు పులిపిరి అనుకుంటారు. పేరు ఏది పెట్టినా భయం మాత్రం ఒక్కటే.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్లుంటాయి, ఐదో నెల. వాళ్లమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. మాట్లాడుతున్నంతసేపూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. కొంగు తీయించి చూస్తే, పైన ముందు పళ్లు రెండింటి మధ్య చిగురు మీద శనగ గింజంత కండ. దానిమ్మ గింజలా ఎర్రగా మెరుస్తోంది. దూది తగిలితే చాలు, నెత్తురు వచ్చేస్తోంది. చుట్టూ పళ్ల మీద పసుపుపచ్చగా పాచి. నెలన్నర నుంచి ఆ పక్క బ్రష్ పెట్టడం మానేసిందట. పెడితే రక్తం, రక్తం చూస్తే టెన్షన్. పొద్దున లేచేసరికి దిండు మీద మరకలు. కడుపుతో ఉన్నప్పుడు పళ్లాసుపత్రికి వెళ్లకూడదని అత్తగారు అన్నారట. ఆవిడ ఆ మాట అన్నది పుట్టబోయే బిడ్డ మీద ప్రేమతోనే, అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి నేను చేతులు కడుక్కోవడానికి వెళ్తే, తల్లి వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, అది క్యాన్సర్ కాదు కదా? పిల్లకి వినబడకుండా చెప్పండి" అంది.

చూడగానే నాకు అనిపించింది పయోజెనిక్ గ్రాన్యులోమా అని, అంటే క్యాన్సర్ కాని ఒక కండ. గర్భిణులకు వస్తే దీన్నే ప్రెగ్నెన్సీ ట్యూమర్ అని కూడా అంటారు. ట్యూమర్ అన్న మాట వింటే గుండె జారిపోతుంది కాబట్టి ఆ పేరు నేను వాళ్ల ముందు పలకను. మీరూ పలకకండి. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు పెరుగుతాయి. అప్పుడు చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు చిన్న కారణానికే ఉబ్బిపోతాయి. మామూలు రోజుల్లో కాస్త వాపుతో సరిపోయే గార, ఆ నెలల్లో కండనే పెంచేస్తుంది. సాధారణంగా మొదటి మూడు నెలల్లో కనబడి, ఏడో నెల దాకా పెరుగుతూ పోతుంది. కాన్పయ్యాక చాలామందికి దానంతటదే చిక్కిపోతుంది. కొందరికి పూర్తిగా పోతుంది.

ఆ రోజు మేం కత్తి పట్టలేదు. నెమ్మదిగా గార తీశాం. మెత్తటి బ్రష్ ఇచ్చి, రక్తం వచ్చినా ఆపకుండా రోజూ ఆ పక్కనే శుభ్రం చేసుకోమన్నాం. నెత్తురు ఎక్కువగా వస్తే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి, పది పదిహేను నిమిషాలు వేలితో అదిమి పట్టుకోమన్నాం. తీసి తీసి చూసుకోకూడదు, అదిమే ఉంచాలి. వారం రోజుల్లో రక్తం తగ్గింది. బిడ్డకు మూడో నెల వచ్చాక అమ్మాయి మళ్లీ వచ్చింది. కండ వడ్ల గింజంత అయింది, రంగు కూడా తెల్లబడింది. మత్తు సూది ఇచ్చి పది నిమిషాల్లో తీసేశాం. ముక్కను ల్యాబ్‌కి పంపి, నేనే చూసి, రిపోర్టు నా చేత్తోనే వాళ్లమ్మకు ఇచ్చాను. ఆ రోజు అమ్మాయి కొంగు భుజం మీదే ఉంది.

గర్భిణుల ఇళ్లకు నెలనెలా వెళ్లేది మీరే కాబట్టి ఇంకో మాట. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా గార తీయించుకోవడం, పుప్పి పన్ను పూడ్పించుకోవడం లాంటివి నిశ్చింతగా చేయించుకోవచ్చు. నొప్పి, వాపు ఉంటే ఏ నెలైనా ఆగకూడదు. బీపీ చూసేటప్పుడు, ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు ఒక్కసారి "నోరు తెరువమ్మా, చిగుళ్లు చూస్తాను" అనండి. అర నిమిషం పని.

ఆ పేరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రిపోర్టు చదివి కంగారుపడేవాళ్లు మీ దగ్గరికే వస్తారు. పయోజెనిక్ అంటే చీము పుట్టించేదని అర్థం. ఇందులో చీము ఉండదు. గ్రాన్యులోమా అంటే క్షయ లాంటి జబ్బుల్లో కణాలు ఒక పద్ధతిలో గుంపు కట్టడం. ఇందులో అదీ ఉండదు. 1897లో ఫ్రాన్సులో పోన్సే, డోర్ అనే ఇద్దరు వైద్యులు ఇలాంటి కంతుల్ని చూసి, గుర్రాలకు వచ్చే ఒక జబ్బు మనుషులకూ సోకిందనుకున్నారు. 1904లో హార్ట్‌జెల్ అనే వైద్యుడు చీము పేరు తగిలించాడు. అది చీము వల్ల వచ్చేది కాదని తర్వాత తేలింది గానీ పేరు అలాగే ఉండిపోయింది. ఆ పేరు చూసి చీము పట్టిందనుకొని మందుల షాపులో యాంటీబయాటిక్స్ కొనుక్కొని మింగినవాళ్లను నేను చూశాను. ఈ కండకు యాంటీబయాటిక్స్‌తో పని లేదు.

అసలు కండ ఎందుకు పెరుగుతుంది? మా పెరట్లో వేపచెట్టుకు బట్టలారేసుకునే ఇనుప తీగ కట్టి ఉండేది. కొన్నేళ్లకు చూస్తే తీగ ఉన్న చోట చెట్టు ఉబ్బి, బెరడు తీగను మింగేసినంత పని చేసింది. తీగ ఒరుసుకుంటూ ఉంటే చెట్టు ఆ గాయాన్ని మాన్పుకోవాలని చూస్తుంది. తీగ తీయరు కాబట్టి గాయం మానదు. గాయం మానదు కాబట్టి చెట్టు పెరగడం మానదు. పార పట్టిన చేతికి కాయలు కాసేదీ ఇలాగే. నోట్లో కూడా అంతే. విరిగిన పంటి అంచు, గార, వదులైన కట్టుడు పళ్ల సెట్టు, సరిగ్గా అమరని క్యాపు... ఇలాంటిదేదో ఒకటి రోజూ అదే చోట ఒరుసుకుంటుంది. ఒళ్లు దాన్ని మాన్పడానికి కొత్త రక్తనాళాలను, కొత్త కండను పంపుతూనే ఉంటుంది. అందుకే ఈ కండను నేను శత్రువులా చూడను. అది ఒంటి జవాబు. ఏ ప్రశ్నకు జవాబో వెతకడం మన పని. కండ కోసేసి, గారను అక్కడే వదిలేస్తే అది మళ్లీ వస్తుంది. అప్పుడు జనం "డాక్టరు సరిగ్గా తీయలేదు" అంటారు. ఒక్కోసారి ఆ మాట నిజమే.

వీటన్నిటిలోకీ ఎక్కువగా కనబడేది ఫైబ్రోమా. బుగ్గ లోపల, పై పళ్లూ కింది పళ్లూ కలిసే గీత దగ్గర చూడండి. అలవాటుగానో తొందరలోనో అక్కడ కొరుక్కుంటాం. కొరికిన చోట వాస్తుంది. వాచింది కాబట్టి మళ్లీ పళ్ల మధ్యకే వచ్చి పడుతుంది, మళ్లీ కొరుక్కుంటాం. కొన్ని నెలలకు అక్కడ నున్నటి బొడిపె నిలబడిపోతుంది. చింతగింజకు మించి పెరగడం తక్కువ. రంగు చుట్టూ ఉన్న బుగ్గ రంగే. నొప్పి ఉండదు. కింది పెదవి మీద, నాలుక పక్కన కూడా వస్తుంది. దాన్ని మధ్యకు కోస్తే లోపల లేత కొబ్బరి ముక్కలా తెల్లగా, గట్టిగా ఉంటుంది. ల్యాబ్‌లో దాన్ని మైనంలో పొదిగి, నాలుగైదు మైక్రాన్ల మందాన కోస్తాం. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాన్. ఆ పొరను గోరువెచ్చటి నీళ్ల మీద తేలేసి, గాజు పలక మీదికి ఎక్కించి రంగు పట్టిస్తాం. మైక్రోస్కోపులో చూస్తే గులాబీ రంగు నార కట్టలు కట్టలుగా, చాప అల్లినట్టు ఒకదాని మీదుగా ఒకటి పోతూ ఉంటుంది. ఎన్ని వందలసార్లు చూసినా నాకు అది అందంగానే కనబడుతుంది. గాయం మాన్పాలని ఒళ్లు ఎంత ఓపిగ్గా పనిచేసిందో అందులో కనిపిస్తుంది. ఇది మచ్చ లాంటి కండ కాబట్టి కొరకడం మానినా కరగదు. చిన్న ఆపరేషన్‌తో తీసేయాల్సిందే. పంటి అంచును నున్నగా చేయిస్తే సాధారణంగా మళ్లీ రాదు.

కింది పెదవి లోపల నీటి బుడగలా వచ్చి, చితికిపోయి మళ్లీ వచ్చేది ఫైబ్రోమా కాదు. పెదవి కొరుక్కోవడం వల్ల లాలాజలం వచ్చే సన్నటి గొట్టం తెగి, ఊట లోపలే పేరుకొని ఉబ్బేది అది. మ్యూకోసీల్ అంటాం. దాన్ని సూదితో గుచ్చినా లాభం లేదు, మళ్లీ నిండుతుంది.

చిగురు మీద మాత్రమే వచ్చేవి రెండున్నాయి. పంటిని ఎముకకు పట్టి ఉంచే నార నుంచీ, ఎముక మీది పొర నుంచీ పుడతాయి కాబట్టి బుగ్గ మీదా నాలుక మీదా ఇవి రావు. ఒకటి పెరిఫెరల్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా. పది నుంచి ఇరవై ఏళ్ల పిల్లల్లో ఎక్కువ, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువ. ముందు పళ్ల దగ్గర చిగురు మీద వస్తుంది. కొన్నిసార్లు పళ్లను పక్కకు నెడుతుంది. ఇందులో చిత్రమేమిటంటే కండలోపలే ఎముక రేణువులు తయారవుతాయి. వేళ్ల దాకా, ఎముక మీది పొర దాకా తీయకపోతే మళ్లీ వస్తుంది. రెండోది పెరిఫెరల్ జయంట్ సెల్ గ్రాన్యులోమా. నేరేడు పండు రంగులో ఉంటుంది, నడివయసు వాళ్లలో ఎక్కువ, పన్ను పీకేసిన ఖాళీలో కూడా వస్తుంది. మైక్రోస్కోపులో చూస్తే పెద్ద పెద్ద కణాలు కనబడతాయి, వాటిలో ఒక్కోదానిలో పదీ పాతిక కేంద్రకాలుంటాయి. ఇలాంటిదే ఎముక లోపల ఉన్నప్పుడూ, చాలా చోట్ల వచ్చినప్పుడూ కాల్షియం పరీక్ష, ఆ కాల్షియాన్ని అదుపు చేసే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి పరీక్ష కూడా చేయిస్తాం. ఈ రెంటినీ, ఇందాకటి పయోజెనిక్ గ్రాన్యులోమానూ పక్కపక్కన పెడితే కంటితో తేడా చెప్పడం చాలాసార్లు మాకే సాధ్యం కాదు. ముక్క పరీక్షే చెప్పాలి.

మీ ఊళ్లలోని పెద్దవాళ్ల సంగతికి వస్తాను. కట్టుడు పళ్లు పెట్టించుకొని పన్నెండేళ్లయిందని ఒక మాస్టారు వచ్చారు, రిటైరైన టీచరు. పళ్లు లేని దవడ ఎముక ఏటేటా అరిగి కుదించుకుపోతుంది, సెట్టు మాత్రం ఎప్పటిదో అదే. అది వదులై అంచు కింది పెదవికీ చిగురుకీ మధ్య గుచ్చుకుంటూ ఉంది. అక్కడ కండ రెండు మడతలుగా పెరిగింది. మడతల మధ్య గాడిలో సెట్టు అంచు సరిగ్గా కూర్చుంటోంది. ఆయన మడతను సెట్టు కిందికి వేలితో నెట్టుకొని మరీ పెట్టుకుంటున్నారు. రాత్రిళ్లు కూడా తీయరట. ఎందుకని అడిగితే "నా భార్యకు కూడా నన్ను పళ్లు లేకుండా చూడటం ఇష్టముండదేమో అని" అన్నారు. ఆ మాటకు నాకేం చెప్పాలో తోచలేదు. ముందు మూడు వారాలు సెట్టు తీసి పక్కన పెట్టమన్నాం. వాపు సగం తగ్గింది. ముదిరి గట్టిపడిన మిగతా సగాన్ని కోసి తీసి, కొత్త సెట్టు చేయించాం. కట్టుడు పళ్లున్న ఇంటికి వెళ్తే రెండు మాటలు అడగండి: ఎన్నేళ్లయింది, రాత్రిపూట తీసి నీళ్లలో వేస్తున్నారా అని.

ఇంకొకటి మీ చేతుల మీదుగా నడిచేదే. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ మాత్రల వల్ల కొందరికి చిగుళ్లు మొత్తం ఉబ్బి, పళ్ల మీదికి ఎక్కుతాయి. మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్‌తో కూడా అంతే. ఆ మందు 1938లో వాడకంలోకి వచ్చింది, మరుసటి ఏడాదికే చిగుళ్లు పెరగడం వైద్యులు గమనించారు. ఇది ఒక్క గడ్డలా కాకుండా పళ్ల సందుల్లోంచి వరసగా పెరుగుతుంది. అలా కనబడితే మాత్ర మానేయమని మాత్రం చెప్పకండమ్మా. బీపీ మాత్ర ఆపితే పక్షవాతం రావచ్చు, మూర్ఛ మాత్ర ఆపితే ఫిట్స్ రావచ్చు. మందు ఇచ్చిన డాక్టరుకు చూపించమనండి, మార్చాలా వద్దా ఆయన చూస్తారు. పళ్లు శుభ్రంగా ఉంచుకుంటే వాపు చాలావరకు అదుపులో ఉంటుంది.

ఇప్పుడు చెప్పబోయేది నేను చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. కింది దవడ పళ్ల దగ్గర చిగురు మీద ఎర్రటి కండ. పక్కనే బోలెడు గార. ఇలాంటివి అప్పటికే పది చూశాననే ధీమాతో కండ కోసేసి, గార తీసి పంపేశాను. ముక్కను చెత్త డబ్బాలో వేశాను. ల్యాబ్‌కి పంపాలంటే ఫారం రాయాలి, ఆమె డబ్బు కట్టాలి, మళ్లీ రావాలి, ఎందుకులే అనుకున్నాను. నాలుగో నెలలో ఆమె తిరిగి వచ్చింది. అదే చోట పుండు, అంచులు గట్టిగా, పన్ను కదులుతోంది, మెడలో బిళ్ల. అది చిగురు క్యాన్సర్. ఆమె పాన్‌లో జర్దా వేసుకునేదని నేను మొదటిసారి అడగనే లేదు. చిగురు క్యాన్సర్ కొన్నిసార్లు అచ్చం ఈ మామూలు కండలాగే కనబడుతుంది. ఒంట్లో వేరేచోట పుట్టిన క్యాన్సర్ కూడా అరుదుగా చిగురు మీద ఇలాగే తేలుతుంది. ఆ నాలుగు నెలలు నేను ఆమెకు తిరిగి ఇవ్వలేను. మైక్రోస్కోపు పనిలోకి నేను రావడానికి ఆమే కారణం.

అందుకే నోట్లోంచి తీసిన ఏ ముక్కా ల్యాబ్ చూడకుండా చెత్తలోకి పోకూడదు. ఎంత చిన్నదైనా, ఎంత మామూలుగా కనబడినా. మీరు ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్తే, "ముక్క పరీక్షకు పంపుతున్నారా సార్?" అని గట్టిగా అడగండి. అలా అడిగితే మర్యాద తప్పినట్టు కాదు. ముక్కను 10 శాతం ఫార్మలిన్‌లో, అంటే అది కుళ్లిపోకుండా కాపాడే ద్రవంలో వేయాలి. ముక్క ఎంత ఉంటే దానికి పది నుంచి ఇరవై రెట్లు ద్రవం ఉండాలి, సీసా మూతి వెడల్పుగా ఉండాలి. ఒకసారి మాకు దగ్గు మందు సీసాలో మామూలు నీళ్లలో వేసిన ముక్క వచ్చింది. రెండు రోజుల ప్రయాణంలో అది కుళ్లిపోయింది. ఆ మనిషికి నేను ఏమీ చెప్పలేకపోయాను.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందనే భయం మన ఊళ్లలో చాలా ఉంది. ముక్క పరీక్ష వల్ల క్యాన్సర్ పుట్టదు. నోట్లో చిన్న ముక్క తీసి చూస్తే జబ్బు ముదిరిపోతుందన్నదీ నిజం కాదు. ముదిరేది ఆలస్యం వల్ల. పటిక రాయడం, సున్నం పెట్టడం, పులిపిరికి కట్టినట్టు వెంట్రుక బిగించి కట్టడం, ఇవన్నీ నేను చూశాను. సున్నంతో కాలిన కండను మైక్రోస్కోపులో చదవడం కూడా కష్టం.

రెండు వారాలైనా మానని పుండు, రాయిలా గట్టిగా తగిలే గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, తిమ్మిరెక్కిన పెదవి, మెడలో బిళ్ల, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ. వీటిలో ఏది కనబడినా ఆ వారంలోనే పంపండి. గుట్కా, ఖైనీ, జర్దా అలవాటున్న మనిషైతే ఇంకా తొందరగా. ఇక మన ఉత్తరాంధ్రలో, శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాలుస్తారు కదా, అడ్డపొగ అంటారు. వాళ్ల అంగిలి తప్పకుండా చూడండి. తల కాస్త వెనక్కి వాల్చమని టార్చి వేయాలి, లేకపోతే అంగిలి కనబడదు. అక్కడ వచ్చిన గడ్డను మామూలు కండ అనుకోవద్దు. విజయవాడ, కడప, హైదరాబాద్‌లలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. మీకు దగ్గర్లోని జిల్లా ఆసుపత్రి పళ్ల విభాగంలో మొదలుపెట్టినా సరే.

ఆ చివరి బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను. అందులో ఉన్నది బుగ్గ మీద వచ్చిన ఫైబ్రోమా. ఇందాక చెప్పిన గులాబీ రంగు నార అదే. పక్కన డబ్బాలో ఇంకో గాజు పలక ఉంది, అది చిగురు క్యాన్సర్. ముందు మొదటిది చూడండి, తర్వాత రెండోది మారుస్తాను. తొందరేం లేదు, ఒక్కొక్కరే రండి. కళ్లజోడు ఉన్నవాళ్లు తీసేసి చూడండి, పక్కనున్న మర నెమ్మదిగా తిప్పితే మీ కంటికి సరిపోతుంది.